రిపోర్టు రాకముందే వచ్చిన తమ్ముడు

బతుకుదెరువుకు వేరే రాష్ట్రం వెళ్లి వడోద్‌లో ఉండే సోమలింగం మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కనుక మాట్లాడే అలవాటే పోయింది. తమ్ముడు బుచ్చిరాములుతో మాత్రం పట్టుబట్టి మానేశాడు. తమ్ముడు అదే నగరంలోని పర్వత్ పాటియాలో ఇల్లు కొనుక్కుని దావత్ ఇచ్చాడు. అన్న వంతు వచ్చేసరికి మటన్ అయిపోయింది, పప్పు వడ్డించారు. ఏళ్ల తరబడి మాటల్లేవు.

నిరుడు సోమలింగానికి మూత్రంలో రక్తం పడింది. స్కానింగులో కుడి కిడ్నీలో గడ్డ కనబడింది. కాన్సరని ఆ కిడ్నీ తీసేశారు. డాక్టర్ ప్రణీత తెలుగావిడే కావడంతో అతని భార్య ఎల్లవ్వ ధైర్యం చేసి అడిగింది.

“మల్ల వస్తదా మేడం?”

“ఇప్పుడే చెప్పలేనమ్మా. తీసిన గడ్డను ల్యాబుకు పంపాం. అందులో ఒక ప్రొటీన్ ఎంతుందో చూస్తారు. ఎక్కువుంటే కణాలు వేగంగా పెరుగుతున్నట్టు. తక్కువుంటే తిరగబెట్టే భయం తక్కువ.”

సోమలింగం చెవిలో ‘ఎక్కువ’ అన్న మాటే మిగిలింది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు లేచి, “బుచ్చిగాన్ని జర రమ్మను,” అన్నాడు.

బుచ్చిరాములు వచ్చి, “అన్నా!” అని గుమ్మంలోనే ఏడ్చాడు. అప్పట్నుంచి రోజూ వచ్చి మంచం పక్కన కూర్చుని తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పేవాడు. ఎలాగూ పోయేవాణ్నే కదా అని సోమలింగం ఓపిగ్గా వినేవాడు.

రిపోర్టు వచ్చింది. ప్రొటీన్ తక్కువే ఉంది.

“పూర్తి హామీ అనుకోకండి,” అంది డాక్టర్. “ఇలాంటి రిపోర్టు వచ్చినవాళ్లలో ఎక్కువమంది బాగుంటారని అర్థం. స్కానింగులకు మాత్రం తప్పకుండా రావాలి.”

బయటికొచ్చి ఎల్లవ్వ కళ్లు తుడుచుకుంది. సోమలింగం ఆలోచనలో పడ్డాడు.

“మంచి మాటేనాయె. మొఖం గట్ల వెట్టినవేంది?”

“గిప్పుడు వాన్ని రావద్దని ఎట్ల జెప్పాలె?”

“చెప్పకు.”

చెప్పలేదు. కొన్నాళ్లకు మళ్లీ పనిలోకి వెళ్లాడు. బరువులెత్తొద్దన్నారని కార్ఖానా యజమాని సేఠ్ అతన్ని గుడ్డ మడతపెట్టే చోట కూర్చోబెట్టాడు.

మొదటి స్కానింగుకు బుచ్చిరాములే తోడు వెళ్లాడు. లోపల్నుంచి పేరు పిలిచారు. సోమలింగం లేవలేదు. తమ్ముడు భుజం కింద చెయ్యి వేసి లేపి, తలుపు దాకా నడిపించాడు.

“నేనీడనే ఉంట,” అన్నాడు.

స్కానింగులో ఏమీ కనబడలేదు. తర్వాతిది ఆర్నెల్లకు. ఆ రోజుకు బుచ్చిరాములు ఇప్పట్నుంచే సెలవు అడిగి పెట్టాడు. అతని సేఠ్ చూద్దామన్నాడు.