లాక్‌డౌన్‌లో మా ఎలుగుబంటి వేట

మా చిన్నప్పుడు... ఒక మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ ఎలుగుబంటి వేటకు బయలుదేరాం. ముందు నాన్న. వెనక చీర మీద స్వెటరు, నెత్తిన ఉన్నిటోపీ, కాళ్ళకు మా అమ్మ బూట్లతో అమ్మమ్మ. ఆమె చేయి పట్టుకుని మా తమ్ముడు చిన్నూ, చివర్లో నేను. రోడ్డుకు అవతలి పక్క, మాకు దూరంగా, నా స్నేహితురాలు ఈఫా, వాళ్ళ నాన్న.

కరోనా రోజులు కూడా చిన్నప్పుడేనా అని నవ్వకండి... అప్పుడు నేను ఆరో తరగతి, ఇప్పుడు కాలేజీ. మాకు అదే చిన్నతనం మరి.

డబ్లిన్ పక్కన స్వోర్డ్స్‌లో ఉండేవాళ్ళం. ఐర్లాండ్ అడవుల్లో ఎలుగుబంట్లు లేవు. లాక్‌డౌన్‌లో పిల్లల కాలక్షేపానికని ఇంటింటా కిటికీలో ఒక బొమ్మ ఎలుగుబంటిని కూర్చోబెట్టేవారు. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటకూడదు కాబట్టి ఆ హద్దులోనే తిరుగుతూ వాటిని వెతకడం పిల్లల ఆట. మాకు మాత్రం ఆరోజు అది ఆట కాదు.

అమ్మ కరోనాతో ఆస్పత్రిలో ఉంది. మాస్కులు, గౌన్లు వేసుకున్నవాళ్ళు ఆమెను అంబులెన్సు ఎక్కిస్తుంటే చిన్నూ గుమ్మంలోనే నిలబడి చూశాడు. అప్పటి నుంచి వాడికి మాట లేదు... ఏడవనైనా ఏడవలేదు. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మ "ఒక్కసారి అమ్మా అనరా నాన్నా" అని అడిగేది. వాడు కర్టెన్ వెనక్కి వెళ్ళిపోయేవాడు.

తెల్లారేసరికి ఊపిరి కుదుటపడకపోతే నిద్రపుచ్చి మిషన్ పెడతామని ఆ ఉదయమే డాక్టర్లు నాన్నకు చెప్పారు. ఫోన్ పట్టుకుని ఆయన మెట్ల మీద కూలబడిపోవడం నేను చూశాను. ఆ సాయంత్రం కాల్ తప్పిపోతే, మళ్ళీ అమ్మ వాడి గొంతు ఎప్పుడు వింటుందో ఎవరికీ తెలీదు.

మమ్మల్ని చూడడానికొచ్చి, విమానాలు ఆగిపోయి చిక్కుకుపోయిన అమ్మమ్మ మాత్రం ఒకటే మాట పట్టుకుంది.

"పిల్లోడు జడుసుకున్నాడు అల్లుడుగారూ. మా ఊళ్ళో అయితే ఎలుగొడ్డును ఆడించేవోళ్ళు వచ్చేవోళ్ళు. దాని మీద ఓసారి ఎక్కించి, రెండెంటికలు తాయెత్తులో కడితే ఎంత జడుపైనా దిగిపోద్ది."

"ఐర్లాండ్‌లో ఎలుగుబంటిని ఎక్కణ్ణుంచి తేను అత్తయ్యా..." అన్నాడు నాన్న.

కిటికీల సంగతి చెప్పింది నేనే. మా క్వారంటైన్ ముందురోజే ముగిసింది. నాన్న లేచి బూట్లు వేసుకున్నాడు.

అమ్మమ్మకు ఏదీ నచ్చదే... తెల్లది పనికిరాదట. గులాబీరంగుదాన్ని చూసి "ఇదేం ఎలుగొడ్డే, పెళ్ళికూతురులా ఉంది" అంది. మట్టిరంగుదే కావాలి, పైగా పిల్లాడు ఎక్కేంతది కావాలి. అవతలి నుంచి ఈఫా చేయెత్తి చూపించినవన్నీ గుప్పెడంతవే. మేం వస్తుంటే ఒకటి రెండు కర్టెన్లు మూసుకున్నాయి. మా ఇంటికి అంబులెన్సు వచ్చిందని అందరికీ తెలుసు.

రెండు కిలోమీటర్లూ అయిపోవస్తుంటే, మలుపులో చివరి ఇంటి కిటికీలో కనిపించింది. ముదురు గోధుమరంగుది, చిన్నూ అంత ఉంది. దాని పక్కనే అద్దం వెనక ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. డెబ్భై దాటినవాళ్ళు గడప దాటకూడని రోజులవి.

నాన్న ఆపేలోపే అమ్మమ్మ గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అద్దం వెనక ఆ పెద్దావిడ కంగారుగా రెండు చేతులూ అడ్డం పెట్టింది. అమ్మమ్మ ఆగి దణ్ణం పెట్టింది. చిన్నూని చూపించింది, బొమ్మను చూపించింది, ఎక్కించాలని చేతులతో అభినయించింది. సరిగ్గా అప్పుడే గార్డుల కారు వచ్చి మా వెనక ఆగింది. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు.

గార్డు అద్దం దించి ఏమిటిదని అడిగితే, నేనే చెప్పాను. మా తమ్ముడు మాట్లాడటం లేదనీ, అమ్మ వెంటిలేటర్ మీదికి వెళ్ళొచ్చనీ, అమ్మమ్మకు ఆ ఎలుగుబంటి కావాలనీ.

"యూ ఆర్ గ్రాండ్... కానీ తొందరగా కానివ్వండి" అన్నాడు గార్డు. గ్రాండ్ అంటే ఇక్కడ ఫరవాలేదని.

ఆ పెద్దావిడ తలుపు తీసి, బొమ్మను గుమ్మం బయటికి నెట్టి, మళ్ళీ తలుపు వేసుకుంది. అప్పుడు నాన్న అడ్డం నిలబడ్డాడు. పాల డబ్బా కూడా సబ్బునీళ్ళతో కడిగి ఫ్రిజ్‌లో పెట్టే మనిషి ఆయన.

"వద్దత్తయ్యా. దాన్ని ఎవరెవరు ముట్టుకున్నారో. వీడికి కూడా ఏమైనా అయితే నేనేమైపోవాలి?"

"అక్కడ నా బిడ్డకు ఊపిరాడక పాయె. ఇక్కడీడికి మాట రాక పాయె. నన్ను చేతులు కట్టుకుని కూచోమంటావా నాయనా?"

అమ్మమ్మ ఆయన్ని గారు అనకపోవడం అదే మొదటిసారి. నాన్న జేబులోంచి శానిటైజర్ తీసి ఆ బొమ్మను చెవుల దగ్గర్నుంచి పాదాల దాకా తుడిచాడు. చిన్నూని తనే ఎత్తి దాని మీద కూర్చోబెట్టాడు. అమ్మమ్మ దిష్టి తీసి, రెండు పోగులు పీకి కొంగున కట్టుకుంది.

ఏమీ జరగలేదు. వాడు దిగి, మళ్ళీ అమ్మమ్మ చేయి పట్టుకున్నాడు. అలాగే ఇల్లు చేరాం. నాకు అమ్మమ్మ మీద కోపం, జాలి రెండూ వచ్చాయి.

సాయంత్రం ఫోన్ మోగింది. ముక్కుమీద ఆక్సిజన్ మాస్కుతో అమ్మ. నాన్న ఫోన్‌ను చిన్నూ వైపు తిప్పాడు. అమ్మ ఏమీ అడగలేదు... అడిగే ఓపిక లేదు. చిన్నూ కర్టెన్ దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు. ఎప్పుడూ ఇంగ్లీషులో జవాబిచ్చేవాడు, తెలుగులో అన్నాడు.

"అమ్మా... అది నన్ను కరవలేదు."

అమ్మ కళ్ళు మూసుకుని తలూపింది. మర్నాడు మిషన్ పెట్టనే పెట్టారు. చాలా రోజుల తర్వాత సన్నగా అయిపోయి ఇంటికొచ్చింది. అమ్మ మాకు దక్కింది.

ఇప్పుడు ఆ కిటికీల్లో ఎలుగుబంట్లు లేవు. చిన్నూ అమ్మ భుజం దాటాడు. వాడికి ఆరోజుది ఏదీ గుర్తులేదట. ఈ మధ్యే గొంతు కూడా మారిపోయింది... మొన్న వంటింట్లోంచి "అమ్మా" అంటే ఎవరో పెద్దవాళ్ళు వచ్చారనుకున్నాను. ఆ ఒక్క పిలుపు కోసం అంత వేటాడామా, ఆ చిన్న గొంతును రికార్డు చేసుకోవాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మీ ఇళ్ళల్లో అలా మారిపోయిన గొంతులున్నాయా... ఎవరివో, అప్పుడేమన్నారో చెప్పండి. వింటాను.