తుపాకీ గొట్టానికి చిల్లులు

షికాగో శివారులో కిరాణా కొట్టు నడిపే రత్నరాజు, 1983లో రెండోసారి దోపిడీ జరిగాక రివాల్వర్ కొన్నాడు. పేల్చినప్పుడల్లా అది చేతిలో ఎగిరిపడుతోందని గొట్టం చివర, పైవైపు, చిల్లులు పెట్టించాడు. పేలిన గ్యాసు పైకి చిమ్మి గొట్టాన్ని కిందికి నొక్కడంతో ఎగరడం తగ్గింది. మోత, మంట పెరిగాయి.

"కౌంటర్ వెనక ఎలా పట్టుకుంటావు?" అని అడిగాడు చిల్లులు పెట్టినతను. అక్కడ చెయ్యి చాపే చోటు లేదు. రత్నరాజు పిడిని గుండెకు ఆనించి చూపించాడు.

"అలా కాల్చావంటే ఆ చిల్లుల్లోంచి మంట నీ కళ్ళలోకే వస్తుంది."

ఆనాటి నుంచి తలుపు గంట మోగితే చాలు, రత్నరాజు చెయ్యి రివాల్వర్ ఉన్న సొరుగులోకి పోతుంది, కళ్ళు వాటంతటవే గట్టిగా మూసుకుపోతాయి. ఓ మధ్యాహ్నం వచ్చింది, తెలుగు చర్చిలో పాటలు పాడించే దేవకుమారి.

"ఏంటి బ్రదర్, కొట్లో కూడా ప్రేయరేనా? మిల్క్ ఎక్కడ పెట్టారు?"

"మీరా సిస్టర్," అన్నాడు కళ్ళు తెరిచి. ట్రిగ్గర్ మీద బిగుసుకున్న వేలు వదులు కావడానికి కాసేపు పట్టింది.