అత్తయ్య వేసిన కుట్టు

మా మామయ్య దర్జీ. ఏటా కొత్త సంవత్సరం రోజున తన పాత కోటు లోపల జేబు కుట్టి, మడిచిన నోటు దూరేంత సందు వదిలి, మూతి మూసేసేవాడు. "ఇందులో వేసింది ఏడాది దాకా ముట్టను" అని ఒట్టు కూడా వేసేవాడు. ఏం లాభం? కుట్లు విప్పడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. నెల తిరక్కుండానే విప్పి, డబ్బు తీసుకుని, ఏమీ ఎరగనట్టు మళ్లీ కుట్టేసేవాడు.

ఈసారి సూది అత్తయ్య పట్టింది. జేబు మూతి మీద కుట్లు వంకరటింకరగా పడ్డాయి.

"ఇదేం కుట్టే? ఎవరైనా చూస్తే నా పరువేం కాను!"

"నచ్చకపోతే విప్పుకోండి. మళ్లీ అచ్చం ఇలాగే కుట్టాలి మరి."

మామయ్య చాటుగా గుడ్డపీలికల మీద సాధన చేశాడు. ఎంత వంకరగా వేద్దామన్నా ఆ పాడు చేతికి తిన్నని కుట్టే వచ్చింది. జేబు మాత్రం నిండుతోంది.