మడమ వెనకాల తాడు

మిరపకాయలను గోతాల్లో తొక్కి నింపడంలో మా నాన్న అరవై దాటినా ఎవరికీ తీసిపోడు. అందుకే మొన్న వేసవిలో మడమ వెనక నొప్పి మొదలైతే, "తొక్కీ తొక్కీ పట్టేసిందిలే" అన్నాడు. అప్పటికే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్ వాడుతున్నాడు. మేం మిరపకాయలను తిట్టుకున్నాంగానీ మాత్రల మీదికి మా ఆలోచనే పోలేదు.

ఒకరోజు కల్లంలో గోతాం తొక్కి దిగి నాలుగడుగులు వేశాడో లేదో, గిరుక్కున వెనక్కి తిరిగి, "ఎవడ్రా నా కాలిమీద తన్నింది?" అని అరిచాడు. వెనక కాయల రాశి తప్ప ఎవరూ లేరు.

ఆస్పత్రిలో డాక్టరుగారు ముందుగా మాత్రల సంగతే అడిగారు. ఆ రకం యాంటీబయాటిక్‌లు కొందరిలో, పెద్ద వయసువాళ్లలో మరీ, పిక్కను మడమకు పట్టి ఉంచే తాడులాంటి స్నాయువును తెగేదాకా తెస్తాయట. నాన్నను బోర్లా పడుకోబెట్టి మంచికాలి పిక్క నొక్కారు. పాదం దానంతటదే వంగింది. రెండో పిక్క నొక్కారు. పాదం కదల్లేదు. తాడు తెగిపోయిందన్నారు.

బస్తాలకు బస్తాలు తొక్కిన మనిషిని ఇన్నేళ్లూ నిలబెట్టింది వేలంత లావైనా లేని ఆ తాడా!

నాన్న మెడ తిప్పి చూడబోయాడు. కుదరలేదు.

"ఒరేయ్, ఫోన్లో వీడియో తియ్యి. డాక్టరుగారూ, ఆ మంచికాలు ఇంకోసారి నొక్కండి. నన్ను మోసిందాన్ని నేనూ చూడాలి."