గ్రూపులో మూడు మ్యాచులుంటాయి

పాపకు కొత్త యూనిఫారం వచ్చింది. ప్లాస్టిక్ కవరు చింపగానే గంజి వాసన, దాని కింద కొత్త రంగు వాసన గుప్పుమని కొట్టింది, నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. పాప మాత్రం చొక్కాను ముఖానికి ఆనించుకుని "మస్తు వాసనొస్తుంది మమ్మీ" అని మురిసిపోయింది. మురవనీ, దానికేం తెలుసు? లోకంలో అందరికీ జూన్ నెలంటే తొలకరి, తడిసిన మట్టి, నేరేడు పళ్ళు. నాకు మాత్రం తానులకొద్దీ యూనిఫారం గుడ్డ, ఆ గుడ్డల మధ్య నిలబడి కత్తెర ఆడించే మా చిన్నాయన, ఆయన ఎడమకాలు.

మా దుకాణం అమీర్‌పేట పెద్దరోడ్డు వెనక సందులో ఉండేది. ముందు దుకాణం, వెనక రెండు గదుల ఇల్లు, పైన అద్దెకు మణి ఆంటీ వాళ్ళు. మా తాతలు మగ్గం నేసినవాళ్ళు. మగ్గం కూడు పెట్టడం మానేశాక మా బాపు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని సిరిసిల్ల నుంచి పట్నం వచ్చి కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. బాపు కుట్టేవాడు, చిన్నాయన కత్తిరించేవాడు. కత్తిరించడమంటే తేలిక అనుకునేరు! కుట్టేవాళ్ళు సందుకు పదిమంది దొరుకుతారు కానీ, తానులో అంగుళం వృథా కాకుండా పిల్లల ఎదుగుదలకు మడత వదిలి కత్తిరించే చెయ్యి దొరకదు. చిన్నాయన ఒక పూట నిలబడకపోతే మా మిషన్లన్నీ మూగపోయేవి.

బడులు తెరవబోయే ముందు మా ఇంట్లో తిండికీ నిద్రకూ వేళాపాళా ఉండేది కాదు. నీలి నిక్కర్లు, గళ్ళ చొక్కాలు మంచాల మీదా బియ్యం డబ్బా మీదా కుప్పలు పడి ఉండేవి, బొగ్గుల ఇస్త్రీపెట్టె సెగ ఒకపక్క, అమ్మ కలుపుతున్న మామిడికాయ తొక్కు ఘాటు ఇంకోపక్క, హాస్టలు పిల్లలు అర్జెంటుగా ప్యాంటు పొడుగు తగ్గించమని గుమ్మంలో నిలబడి ప్రాణం తీసేవాళ్ళు. అంత హడావిడిలోనూ చిన్నాయన మిగిలిన పేలికలన్నీ కుక్కి మా సందు పిల్లలకు గుడ్డబంతి కుట్టిచ్చేవాడు. వాన పడితే ఆ బంతి నీళ్ళు తాగి బరువెక్కేది, తంతే కాలు జివ్వుమనేది, అయినా చీకటి పడేదాకా వదిలేవాళ్ళం కాదు. ఆడపిల్లకు బంతాటేంటని ఎవరన్నా నసిగితే చిన్నాయన ఊరుకునేవాడు కాదు. "ఏం, కాళ్ళు మొగోళ్ళకే పుట్టినయా?" అనేవాడు.

ఆయన ఆట పిచ్చి గురించి ఏం చెప్పను! ఆదివారమొస్తే మైదానంలో ఉండాల్సిందే. ఎంత మొండి బంతినైనా ఎడమకాలితో ముద్దుగా ఆపేవాడని ఆయన దోస్తులు చెప్పుకునేవారు. చిన్న వయసులోనే షుగరు పట్టుకున్నా ఆట మానలేదు. ఆ ఎండాకాలం ఎవరివో ఇరుకు బూట్లు అడిగి తెచ్చుకుని ఆడితే ఎడమకాలి చిటికెనవేలు ఒరుసుకుపోయింది. షుగరు వల్ల కాలికి స్పర్శ తగ్గిందేమో, పుండు పడ్డ సంగతి ఆయనకే తెలియలేదు. వేలు నల్లబడ్డాక బాపు పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకుపోయాడు. వేలు చచ్చిపోయింది, వెంటనే తీసేయాలి, లేకపోతే విషం పైకి ఎక్కుతుందని డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఈయన గోలీలు రాయించుకుని ఇంటికొచ్చాడు.

సరిగ్గా అప్పుడే జపాన్, కొరియాల్లో ప్రపంచకప్పు ఫుట్‌బాల్ మొదలైంది. ఎప్పుడూ అర్ధరాత్రి లేచి చూడాల్సిన ఆట ఆ ఏడాది పట్టపగలే వచ్చింది. చిన్నాయన ప్రాణం అర్జెంటీనా. కటింగు బల్ల ఎదురుగా చిన్న టీవీ పెట్టించుకున్నాడు. ఆసుపత్రికి ఎప్పుడు పోతావని అమ్మ నిలదీస్తే నవ్వాడు.

"గ్రూపుల మూడు మ్యాచులుంటయి వదినె. ఒకటి ఓడంగనే ఇంటికి పంపుతరా? మూడు అయినంక పోత. గప్పటికి యూనిఫారాలు సుత అయిపోతయి."

"నీ ఆటల మన్నువడ! అది బంతి, ఇది కాలు" అంది అమ్మ.

బాపు మిషను తొక్కుతూ తల ఎత్తలేదు. నిజం చెప్పాలంటే అమ్మ తప్ప మా ఇంట్లో అందరికీ చిన్నాయన మాట సబబుగానే తోచింది. ఆట తెలిసిన కొంప కదా! గ్రూపులో ఒక మ్యాచు ఓడి కప్పు కొట్టినవాళ్ళు లేరా అని హాస్టలు పిల్లలు కూడా వంత పాడారు.

పుండు సంగతి తేల్చుకోవడానికి ఆయన తన పనివాడితనమే వాడాడు. గుడ్డ మీద గుర్తులు పెట్టే చాక్‌పీసుతో నలుపు ఎంతవరకు ఉందో దాని చుట్టూ పాదం మీద గీత గీసుకున్నాడు. బంతి మొత్తం గీత దాటితేనే గోలు, నలుపు గీత దాటితేనే ఆసుపత్రి, ఇదీ ఆయన లెక్క. రోజూ పొద్దున కట్టు విప్పి, "చూడు బిడ్డా, దాటిందా?" అని నన్నడిగేవాడు. దాటలేదనేదాన్ని. నిజంగానే దాటేది కాదు. ఎట్లా దాటుతుంది? మందునీళ్ళతో కడగగానే ఆ గీత చెరిగిపోయేది, ఆయన మళ్ళీ నలుపు అంచునే కొత్త గీత గీసుకునేవాడు. వందల చొక్కాల మీద మడత కూడా తేడా రానివ్వని మనిషి, తన కాలి మీద గీత రోజురోజుకీ పెద్దదవుతోందని చూసుకోలేదు.

మొదటి మ్యాచు అర్జెంటీనా గెలిచింది. ఆదివారం, వేడివేడి మిరపకాయ బజ్జీలు, సందు సందంతా మా గుమ్మంలోనే. చిన్నాయన కత్తెరను గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. పుండు కూడా ఆ రోజు ఎండినట్టే కనిపించింది, ఇంకేం, నయమవుతుందన్న నమ్మకం ఇల్లంతా పాకిపోయింది.

రెండోది ఇంగ్లండు చేతిలో ఓడారు. పెనాల్టీ గోలు. టీవీ కట్టేశాక దుకాణంలో కత్తెర చప్పుడు తప్ప ఇంకేం లేదు. తెల్లారి మృగశిర. చేపలు తినకుండా మృగశిర గడవదు కాబట్టి అమ్మ చింతపులుసు పోసి చేపల కూర వండింది, ఒక గిన్నె మణి ఆంటీకి పంపింది. గిన్నె తిరిగివ్వడానికి కిందికొచ్చిన ఆంటీ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడది భీమవరం, ఏదో ఆసుపత్రిలో నర్సు. కూర ఘాటులో మాకు తెలియని వాసన ఆవిడకు తెలిసింది.

"ఏంటి అన్నయ్యగారూ ఇది? మడమ దాకా వచ్చేసిందండీ. ఈ గీత మీరు రోజూ జరిపేస్తున్నారు" అంది, ఆయన కాలు పట్టుకుని చూసి.

"లేదక్కా, గిది నిన్నటి గీతనే" అన్నాడు చిన్నాయన. ఆయన మొహంలో అబద్ధం లేదు.

ఆవిడ ఆరోజే తీసుకుపొమ్మని బాపుతో మొత్తుకుంది. బాపు సరేనన్నాడు. అయినా ఆ రోజు పోలేదు, మర్నాడూ పోలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని అమ్మ తిట్టిపోసింది. వాసన తెలియకుండా పొద్దూమాపూ సాంబ్రాణి వేసేది.

మూడో మ్యాచునాటికి ఆయన నిలబడలేకపోయాడు. ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఒళ్ళు కాలిపోతూ, చలి అంటూ యూనిఫారం తాను విప్పి భుజాల మీద కప్పుకుని, చివరి జతలు కత్తిరించాడు. ఆ ఉక్కపోతలో ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నాకు భయం వేసి టీవీకన్నా ఎక్కువ ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. మనవాళ్ళు గెలవాల్సిందే, లేకపోతే పక్క మైదానంలో ఇంగ్లండు ఓడాలి. గ్రూపులో ఆఖరి మ్యాచులు రెండూ ఒకేసారి ఆడతారు, మన బతుకు మన కాళ్ళ మీదే కాదు, ఇంకెవరి కాళ్ళ మీదో కూడా ఉంటుంది. ఎదుటి జట్టు స్వీడన్ దూరం నుంచి కొట్టిన బంతి గోడలా నిలబడ్డవాళ్ళ మీదుగా లోపలికి పోయింది. చివర్లో మనవాళ్ళ పెనాల్టీని గోల్‌కీపరు ఆపితే వెనక్కి వచ్చిన బంతిని ఎవరో లోపలికి తోశారు. హాస్టలు పిల్లలు గంతులేశారు. కానీ స్కోరు సమం కావడం చాలలేదు. అటు ఇంగ్లండూ ఓడలేదు.

"అయిపోయింది వదినె, పోదాం పా" అని లేవబోయి చిన్నాయన కత్తిరించిన గుడ్డల కుప్ప మీద పడిపోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పరుగెత్తారు. ఆటో ఎక్కితే టీ చల్లారేలోపు చేరే ఆసుపత్రి అది. మోకాలి పైదాకా తీసేశారు. నన్ను ఒక్కసారే తీసుకుపోయారు. దుప్పటి ఎడమవైపు పరుపుకు అతుక్కుపోయి ఉంది, నేను అటు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. "ఈసారి ఎవలు గొడ్తరంటవ్ బిడ్డా?" అని అడిగాడు. బ్రెజిల్ అన్నాను. "గంతే ఉంటది" అని కళ్ళు మూసుకున్నాడు. అప్పటికే విషం రక్తంలో కలిసిపోయిందట. క్వార్టర్ ఫైనళ్ళు మొదలవకముందే మా చిన్నాయన పోయాడు. యూనిఫారాలు మాత్రం ఒక్కటి కూడా ఆలస్యం కాలేదు. ఊళ్ళో పిల్లలంతా ఆయన కత్తిరించిన చొక్కాలు తొడుక్కుని బడికి పోయారు, నాతో సహా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ దుకాణం లేదు. ఆ స్థలంలో అద్దాల కోచింగ్ సెంటరు లేచింది, సందులో బైకులు నిలపడానికే చోటు చాలదు, పిల్లలు బంతి తన్నే మాటే లేదు. యూనిఫారాలు కవర్లలో వస్తాయి, ఎవరు కత్తిరించారో ఎవరికీ తెలియదు. అమ్మ పోయింది. బాపు ఎస్.ఆర్. నగర్‌లో మా దగ్గరే ఉంటాడు. ప్రపంచకప్పు వచ్చినప్పుడల్లా ఆయనది ఒకటే పద్ధతి, గ్రూపు మ్యాచులు అస్సలు చూడడు. ఓడితే ఇంటికి పోయే మ్యాచులు మొదలయ్యాకే టీవీ ముందుకొస్తాడు. ముసలాయన చాదస్తమని మేము నవ్వుకునేవాళ్ళం.

మొన్న మా ఆయన ఫోను చూస్తూ, ఈసారి గ్రూపులో మూడో స్థానం వచ్చినా కొన్ని జట్లు ముందుకు పోవచ్చట మామయ్యా అన్నాడు. బాపు తినేవాడల్లా చెయ్యి ఆపాడు.

"మూడోటోనికి సుత ఆశ పెడుతుండ్రా?"

ఆయన కంచంలోకి చూస్తూ, మెల్లగా, నాతోనే అన్నాడు.

"ఇంగ్లండుతోని ఓడిన తెల్లారి మణి పైకి పోయినంక వాడు అంగీ తొడుక్కున్నడు బిడ్డా. అన్నా, నాకు బుగులైతుంది, దవఖానకు పోదాం అన్నడు. ఇంకో మ్యాచున్నది గదరా అని, నేనే కూసోవెట్టిన."