ఎండ కాయకముందే దర్శికి

తుఫాను తీరం దాటిన మర్నాడు సాయంత్రం మస్తాన్ ఫోన్ చేశాడు. విజయవాడలో మా కాలేజీ లైబ్రరీలో ఆరేళ్లు అటెండరుగా చేసి, పోయినేడు మానేసి, దర్శి పక్కన భార్యవాళ్ల ఊళ్లో రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు.

"తోటంతా పడుకుంది సార్. ఎల్లుండి నుంచి ఎండంట. నీళ్లలో నానిన మొక్క మీద ఎండ పడితే ఉడికిపోద్ది. ఈలోగా లేపి నిలబెట్టాలి. కూలీలు దొరకట్లేదు, ఎవరి చేలో వాళ్లున్నారు."

"ఏం పంపమంటావు?"

"ఏమీ వద్దు సార్. చేతులు కావాలి."

నా దగ్గర రెండే ఉన్నాయి. అవి కూడా పుస్తకాల దుమ్ము దులపడం తప్ప వేరే సేద్యం ఎరగవు. అయినా వస్తానన్నాను. సంగతి తెలిసి మా అపార్ట్‌మెంటువాళ్లు పొద్దుపోయేలోగా పాత బట్టల మూట ఒకటి కట్టి గుమ్మంలో పెట్టారు. వద్దనే ధైర్యం లేక మోశాను.

పొద్దున్న ఆరింటికి విజయవాడలో రైలెక్కితే ఏడుంబావుకి గుంటూరు. బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. ఆ ఊళ్లో కారం అడిగి వేయించుకోనక్కర్లేదు, వద్దన్నా వేస్తారు. ఏడూ యాభైకి దర్శి బస్సు. కిటికీ పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నా మూట ఆవిడ కాళ్ల మీదకి ఒరిగింది.

"ఏంటండీ ఇది?"

"తుఫాను బాధితులకి బట్టలండి."

"మాది అద్దంకి అవతల. మేమూ బాధితులమే. విప్పండి, చీరలు చూద్దాం," అంది. విప్పాను. రెండు తిరగేసి చూసి, "ఈ రంగులు కట్టుకునేంత బాధ మాకు రాలేదులెండి," అని మళ్లీ తనే ముడేసింది.

చిలకలూరిపేట దాటాక పత్తి చేలు. విచ్చిన కాయల్లో దూది తడిసి నల్లబడి, కాటుక తుడిచిన గుడ్డపేలికల్లా వేలాడుతోంది. ఆవిడ చీరల ఊసు మాని కిటికీ వైపు తిరిగింది. అద్దంకికి ముందు వాగు రోడ్డెక్కడంతో బస్సు గంటసేపు ఆగింది. "ముందు నీళ్లు పోవాలండి, తర్వాతే మనం," అన్నాడు డ్రైవరు. దర్శి చేరేసరికి పన్నెండున్నర. బస్టాండు ఎదురు మెస్సులో గోంగూర భోజనం చేసి, షేరాటో ఎక్కి, రెండింటికి మస్తాన్ చేలో ఉన్నాను.

మోకాలెత్తు మొక్కలన్నీ పడమరకి వాలి ఉన్నాయి. మస్తాన్, అతని భార్య నూర్జహాన్ నిలిచిన నీటికి అప్పటికే కాలవలు తీసేశారు. నేను ఉత్సాహంగా వెళ్లి, కింద పడ్డ మనిషికి చెయ్యిచ్చినట్టు ఒక మొక్కని కొమ్మ పట్టి లేపాను. టప్‌మంది.

"వేరు తెగింది సార్," అంది నూర్జహాన్. "మొదలు దగ్గర పట్టుకోవాలి. నిట్రాటలా నిలబెట్టొద్దు, అవతలి వేళ్లు తెగుతాయి. సగం లేపి మట్టి అదిమితే చాలు. మిగతా సగం అదే లేస్తది."

ఒకరు లేపాలి, వెనక ఇంకొకరు మొదట్లో మట్టి మడమతో తొక్కాలి. ప్రమోషన్ మీద నన్ను తొక్కుడుకి మార్చారు. నల్లరేగడి కదా, నాలుగడుగులకి ఒక్కో కాలూ రెండు కాళ్లంత అయింది.

గట్టవతల తోట కోటయ్యది. అదీ పడే ఉంది, కానీ ఆయన గట్టు మీద కూర్చుని మమ్మల్ని చూస్తున్నాడు.

"ఏం అల్లుడూ, ఆ సారు తొక్కుతుంటే మొక్కలకంటే ఆయనే ముందు పడేట్టున్నాడే!"

"నువ్వు దిగు మావా, ఆయన్ని పంపించేస్తాను," అన్నాడు మస్తాన్.

"నేనెందుకు దిగుతాను? నష్టం రాసుకునేవాళ్లు రావాల. పడున్న తోట చూపిస్తే రాస్తారు. నిలబెట్టాక ఏం రాస్తారు, నా మొహమా?"

"నీది సొంత పొలం, నీ పేరు రాస్తారు. నా పేరు ఏ కాయితంలో ఉంది? నాకు మొక్క లేస్తేనే."

కోటయ్య లేచి పంచె దులుపుకుని ఇంటిదారి పట్టాడు. చీకటి పడేసరికి మాది ఎకరం పైన అయింది. ఆ పూట వాళ్లింట్లోనే మకాం. నడుం వంచిన మనిషిని మళ్లీ నిలబెట్టే విద్య ఎవరికీ తెలియదు కాబట్టి వంగే భోంచేశాను.

మర్నాడు అయిదున్నరకే చేలో దిగాం. మూటలోని పంచెలు అక్కరకొచ్చాయి, తలా ఒకటి తలకి చుట్టాం. ఎనిమిదింటికి తూర్పున మబ్బు విడిపోసాగింది. కోటయ్య వచ్చి, ఆకాశం వైపు చూశాడు, తోట వైపు చూశాడు. సెల్‌ఫోను తీసి గట్టు పొడుగునా ఫొటోలు కొట్టుకున్నాడు. తర్వాత పంచె ఎగ్గట్టి దిగాడు.

తొమ్మిదిన్నరకి మాది పూర్తయింది. ముగ్గురం గట్టు దాటాం. రోడ్డు పక్క సాలులో నేను వంగబోతే కోటయ్య కేకేశాడు.

"సార్! ఆ నాలుగు సాళ్లు ముట్టుకోకండి, అవి గవర్నమెంటువి!"

పదకొండింటికి ఎండ విరగకాసింది. బయల్దేరుతూ అడిగాను, ఇక భయం లేదా అని. "ఇప్పుడు తలలు వాల్చేస్తాయి సార్," అంది నూర్జహాన్. "పొద్దు వాలేసరికి ఎత్తితే బతికినట్టు. లేకపోతే లేదు."

తిరుగు బస్సులో అందరూ తెరలు లాక్కున్నారు. నేనొక్కణ్ణే తెర తీసి, సూర్యుడితో మొహమాటం లేకుండా గొడవపడుతూ కూర్చున్నాను. ఒంటిగంటకి మస్తాన్ ఫోన్: "వాలిపోయాయి సార్." అంతే, పెట్టేశాడు. దారి పొడుగునా పడున్న తోటలు, అక్కడక్కడ వంగిన నడుములు. తుఫాను వార్త పేపర్లో లోపలి పేజీకి వెళ్లిపోయింది, ఇక్కడ మాత్రం ఇప్పుడిప్పుడే పని మొదలైంది. వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట: ముందు ఫోన్ చేసి ఏం కావాలో అడగండి, అడిగాక చెప్పింది వినండి. నేను సగమే విన్నాను, మిగతా సగం మూటగట్టి మోశాను.

అయిదున్నరకి గుంటూరు ప్లాట్‌ఫారం మీద ఉండగా మళ్లీ మోగింది. ఎత్తడానికి కాస్త సమయం తీసుకున్నాను.

"లేచాయి సార్!" వెనక నూర్జహాన్ ఏదో అంటోంది. "కోటయ్య మావ కూడా ఆగలేక ఆ గవర్నమెంటు సాళ్లు లేపేస్తున్నాడు."

"నేను తొక్కినవీ లేచాయా?"

"అవీ లేచాయి సార్. కానీ వంకరగా. రోడ్డు మీంచి చూసినా మీ సాళ్లేవో తెలిసిపోతున్నాయి."