వేడికి నీలం, చలికి ఎరుపు

1974 వేసవిలో నంద్యాలలోని ఒక ప్రైవేటు హైస్కూలు వరండా గోడల మీద యోబు భారతదేశ పటం వేశాడు, మనిషి అస్థిపంజరం వేశాడు, సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాలు వేశాడు. ఎవరూ కూలి ఇవ్వలేదు, అతను అడగలేదు. డ్రాయింగ్ హయ్యరు పరీక్ష పాసై ఖాళీగా తిరుగుతున్న అతన్ని కరస్పాండెంటు స్వయంగా పిలిపించి భుజం మీద చేయి వేశాడు. "యోబు గారూ, మీరు మన చర్చి సంఘం బిడ్డ. జూన్‌లో డ్రాయింగ్ మాస్టరు పోస్టు మీదే. ఈలోగా మన గోడలు కొంచెం చూడండి" అన్నాడు. బడి తెరిచిన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తే డ్రాయింగ్ మాస్టరు కుర్చీలో కరస్పాండెంటు బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. పటం కింద మూలన యోబు అని రాసుకున్న చోట సున్నం కొట్టారు. ఆ తడి ఇంకా ఆరలేదు.

అప్పటి నుంచి అతనికి కుదురు పోయింది. ఎరువుల దుకాణాలకు బోర్డులు రాశాడు, లారీల వెనక తామరపూలు వేశాడు, ఎన్నికలు వస్తే ఏ పార్టీ వాళ్లు పిలిస్తే ఆ పార్టీ గుర్తును గోడలకెక్కించాడు. ఏ బోర్డు దగ్గరా స్థిమితంగా నిలబడేవాడు కాదు. సగం అక్షరం రాసి బజారు చివరిదాకా నడిచి వచ్చి మిగతా సగం రాసేవాడు. అన్నం కూడా పళ్లెం చేత పట్టుకుని గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతూనే తినేవాడు.

"కాళ్లకు చక్రాలుండాయా ఏమయ్యా? కూసోని తిను. నువ్వు పడేసే మెతుకులకు కోళ్లు బలుస్తాండాయి" అనేది అతని భార్య హన్నమ్మ. పత్తిమిల్లులో పొద్దంతా దూది మధ్య నిలబడి వచ్చే మనిషికి ఇంట్లో ఇంకొకరు నడుస్తూ ఉంటే చూడబుద్ధి అయ్యేది కాదు.

1985లో సంక్రాంతి సెలవులయ్యాక ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి ఒక సైన్సు టీచరు అతని కొట్టు వెతుక్కుంటూ వచ్చింది. పేరు వకుళమాల. వాళ్ల నాన్న అహోబిలం గుడిలో కైంకర్యం చేసే మనిషి. ఆమె చేతిలో ఒక ఇంగ్లీషు పత్రిక ఉంది.

"యోబు గారంటే మీరేనా?" అంది.

గారు అనేసరికి యోబు కుంచె పక్కన పెట్టాడు. ఆ మాట తగిలించి పిలిచినవాళ్లు అతని చేత ఏదో ఒకటి ఊరికే చేయించుకునే పోయారు.

ఆమె పత్రిక తెరిచి ఒక బొమ్మ చూపించింది. మూడు దేశాలు కలిసి రెండేళ్ల కిందట ఒక టెలిస్కోపును భూమి చుట్టూ తిరగడానికి పైకి పంపాయట. అది చుక్కల వెలుగును చూడదు. ఆకాశంలో ఏ మూల ఎంత వేడి ఉందో కొలుస్తుంది. దాని ఒంటి వేడే దానికి అడ్డం రాకుండా ద్రవ హీలియంతో గడ్డకట్టే చలిలో ఉంచారు. ఆ హీలియం అయిపోయేదాకా, పది నెలలపాటు, అది ఆకాశమంతా కొలిచింది. అభిజిత్ నక్షత్రం చుట్టూ ధూళి ఉందని దానితోనే తెలిసింది. గ్రహాలు అలాంటి ధూళి నుంచే పుడతాయని అంటున్నారు. ఇది ఆ టెలిస్కోపు కొలిచిన ఆకాశమంతా కలిపి పరిచిన బొమ్మ.

"కంటికి కనపడనిదానికి బొమ్మ యెట్లొచ్చె?" అన్నాడు యోబు.

"అది అంకెలు పంపిస్తుంది. ఈడ కంప్యూటరు పెట్టుకుని, ఆ అంకెలకు మనుషులే రంగులిస్తారు."

"అంటే ఆడ గూడా ఒగ పెయింటరుండాడు."

వకుళమాల నవ్వింది. "ఉండాడు. మీకంటే జీతం ఎక్కువ."

యోబు నవ్వలేదు గానీ బొమ్మ వదల్లేకపోయాడు. నడుమ అడ్డంగా పాలపుంత, పైనా కిందా పొగ చెదిరినట్టు మబ్బులు. పత్రికలో అంతా నలుపు తెలుపే. రంగులు ఏవో కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉన్నాయి. అతను ఏళ్ల తరబడి ఇంగ్లీషు అక్షరాలు వంకర లేకుండా రాస్తున్నాడు, కానీ వాక్యం చదవడం రాదు.

ఆమె చదివి చెప్పింది. "వేడిగా ఉన్న ధూళికి నీలం. చల్లటిదానికి ఎరుపు. నడుమ పచ్చ. వచ్చే నెల మా బడిలో సైన్సు ప్రదర్శన ఉంది. దానికి ఈ బొమ్మను పెద్ద బోర్డు మీద రంగుల్లో వేసియ్యాల. మాకు డ్రాయింగ్ మాస్టరు లేడు. మీ చేతిపని ఒకసారి హెడ్మాస్టరు కంట్లో పడితే జూన్‌లో పోస్టు సంగతి నేను మాట్లాడతా."

"వేడికి నీలమా?"

"అవును. మీ ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు చూడండి. నీలం మంటకే కదా తొందరగా ఉడికేది."

ఆమె పత్రిక వదిలి వెళ్లాక యోబు కొట్టు ముందు ఎన్నిసార్లు తిరిగాడో అతనికే తెలియదు. జూన్, పోస్టు, గారు. పదకొండేళ్ల కిందట విన్న మాటలే, అంతే మెత్తగా. ఈసారి గోడలకు బదులు హార్డ్‌బోర్డు. అయినా పక్కరోజే గళ్లు గీసి మొదలుపెట్టాడు. ముప్పై ఐదు దాటాక బడి మెట్లు ఎక్కే దారి ఇంకొకటి తనకు దొరకదని అతనికి తెలుసు.

పక్క కొట్టులో రేడియోలు బాగుచేసే గురుస్వామి వచ్చి బోర్డు చూశాడు. సంగతి విని పెదవి విరిచాడు.

"లాడ్జీలో కొళాయిలు చూసినావా ల్యా? ఎరుపు తిప్పితే వేన్నీళ్లు, నీలం తిప్పితే సన్నీళ్లు. చిన్నపిల్లోడికి గూడా తెలుసు. నీలం వేడంటే జనం నవ్వుతారప్పా."

"ఆమె చదివి చెప్పింది గదన్నా."

"ఆమె చదివింది. నువ్వు చదివినావా? నవ్వితే బోర్డేసినోన్ని చూసి నవ్వుతారు, ఆమెను చూసి కాదు."

ఆ మాట యోబులో ముల్లులా దిగింది. పత్రిక తీసుకుని ఎవరిచేతనైనా చదివిద్దామని బయలుదేరి, చదవలేక వచ్చానని చెప్పుకోవాలి కాబట్టి సగం దారిలోనే తిరిగొచ్చాడు. ఆమె కావాలనే చేసిందేమో అనుకున్నాడు. పోస్టుకు వాళ్ల మనిషి ఎవరో ఉండి ఉంటాడు, నవ్వులపాలైన పెయింటరును పక్కకు తప్పించడం తేలిక. లేదు, ఆమె ముఖం అట్లాంటిది కాదు అని కూడా అనుకున్నాడు. కరస్పాండెంటు ముఖం మాత్రం అట్లాంటిదా?

చివరికి ఆమె చెప్పినదాన్ని తిరగేసి, వేడిగా ఉన్న పాలపుంతకు నిప్పులాంటి ఎరుపు పెట్టాడు. చల్లటి మబ్బులకు నీలం పెట్టాడు. బోర్డు కింద ఉపగ్రహం తీసిన బొమ్మ అని చక్కగా రాశాడు.

ప్రదర్శన రోజు బోర్డును బస్సు టాపు మీద కట్టుకుని ఆళ్లగడ్డలో దిగాడు. హెడ్మాస్టరు బోర్డు ముందు చాలాసేపు నిలబడి, "బలే ఉందప్పా. జూన్‌లో దరఖాస్తు పెట్టు" అన్నాడు. యోబుకు చెవులు వేడెక్కాయి.

అప్పుడే వకుళమాల వచ్చింది. బోర్డు చూసి ఆగిపోయింది.

"ఇదేంది? నేను చెప్పిందేంది, మీరు వేసిందేంది?" అంది గొంతు తగ్గించి.

"జనానికి అర్థమయ్యేటట్ల ఏసినా."

ఆమె ఇంకేదో అనబోయేలోగా హెడ్మాస్టరు బహుమతులు నిర్ణయించే పెద్దమనిషిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. నంద్యాల నుంచి వచ్చిన ఫిజిక్సు లెక్చరరు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా చూశాడు.

"ఈ బొమ్మ నేను చూసినా. పనితనం బాగుంది. వేడీ చలీ మాత్రం తిరగబడినాయే" అన్నాడు.

"రంగులు మనిషి పెట్టుకున్నవే గదా సార్" అన్నాడు యోబు.

"నిజమే. మీ బొమ్మయితే మీ ఇష్టం. ఉపగ్రహం తీసిన బొమ్మ అని కింద మీరే రాసినారు. రేపు పిల్లోళ్లు పుస్తకంలో చూస్తే దేన్ని నమ్మాల?" ఆయన హెడ్మాస్టరు వైపు తిరిగాడు. "ఎవరు చెప్పినారు ఇట్ల వేయమని?"

వకుళమాల చేయి తన వైపు లేస్తుందని యోబు ఎదురుచూశాడు.

"తప్పు నాది సార్" అంది వకుళమాల. "తొందరలో నేనే తిరగేసి చెప్పినా. ఆయన నేను చెప్పినట్టే వేసినారు."

హెడ్మాస్టరు చిరాకు పడ్డాడు గానీ ఆమె మీదే. లెక్చరరు తలూపి పక్క బల్ల వైపు కదిలాడు. అంతటితో అయిపోయింది. యోబు నోరు మెదపకపోతే చాలు. అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబులో పెట్టాడు, తీశాడు, బోర్డు అంచు పట్టుకున్నాడు.

"ఆ టీచరు సరిగ్గానే చెప్పింది సార్" అన్నాడు. "నేనే మార్చినా. ఆమెను నమ్మలేదు."

అందరూ తిరిగి చూశారు. హెడ్మాస్టరు ముఖం గట్టిపడింది.

"చెయ్యి మంచిదే. చెప్పిన మాట వినవు. బడిలో నీతో ఏగేదెట్ల?" అన్నాడు. దరఖాస్తు మాట మళ్లీ ఎత్తలేదు. జూన్‌లో ఆ కుర్చీలో ఎవరో కోయిలకుంట్ల మనిషి కూర్చున్నాడని యోబు తర్వాత విన్నాడు.

యోబు బోర్డును అక్కడే వదిలేసి బస్సెక్కాడు. సీటు ఉన్నా కూర్చోకుండా నంద్యాల దాకా నిలబడే వచ్చాడు. "పోయిందా?" అంది హన్నమ్మ అతన్ని చూడగానే. "నేనే పోగొట్టినా" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగకుండా పళ్లెం అతని చేతికే ఇచ్చింది.

మూడేళ్ల తర్వాత, ఎండాకాలంలో, కడప వెళ్లే బస్సు చాగలమర్రిలో ఆగినప్పుడు వకుళమాల నీళ్లు తాగడానికి దిగింది. రోడ్డు పక్క హోటలు ముందు నిచ్చెన మీద నిలబడి ఒక మనిషి 'భోజనం తయార్' అని రాస్తున్నాడు. అక్షరం పూర్తి కాకుండానే నిచ్చెన దిగి నాలుగడుగులు నడిచి మళ్లీ ఎక్కాడు. అప్పుడు గుర్తుపట్టింది.

"యోబు గారూ, బాగుండారా?"

"ఉండా టీచరమ్మా. ఆకాశాలు మానేసినా, అన్నాలు రాస్తాండా."

ఆమె నవ్వి, వెంటనే ఆపేసింది. అడగాలని మూడేళ్లుగా ఉన్నదాన్ని అడిగింది.

"ఆ పొద్దు నేను తప్పు నా మీదేసుకున్నా కదా. మీరు ఊరికే ఉంటే పోయేది. ఎందుకు చెప్పినారు?"

యోబు కుంచె డబ్బాలో ముంచాడు, రాయలేదు. బస్సు హారను కొట్టింది.

"మీరు నన్ను చూపిస్తారనుకుంటి. చూపించింటే కొట్లాడేదానికి నోట్లో మాటలన్నీ పెట్టుకోనుంటి. నా కోసమని ఎవురూ అట్ల ఎప్పుడూ చెప్పలా. ఏం జెయ్యాల్నో తెలీక నిజం చెప్పేసినా" అన్నాడు. "పోండి, బస్సు పోతాంది. ఆ పక్కగా పోండి, చీర మింద రంగు పడ్తాది."